దొరసాని గోళ్లు

పిల్లి గోరు కత్తిరించాలంటే ముందు చేతులు కడుక్కోవాలి. సబ్బుతో కాదు, మజ్జిగతో. ఈ ముక్క ఏ ఫోన్‌లో వెతికినా దొరకదు. పగలంతా మిరప కల్లంలో కాయలు ఏరి, సాయంత్రం ఇంటికొచ్చి పిల్లి గోళ్లు తీసిన మగవాణ్ణి ఈ చుట్టుపక్కల నేనొక్కణ్ణే అయ్యుంటాను. అందుకని చెబుతున్నాను.

అసలు నాకు పిల్లులంటే పడదు. కుక్కను తిడితే తోకైనా ఊపుతుంది. పిల్లిని తిడితే మనల్ని చూసి ఆవలిస్తుంది. దాన్ని ఇంటికి తెచ్చింది నా భార్య ఎలీసమ్మ. కిడ్నీలు పాడై ఒంగోలులో డయాలసిస్ మొదలుపెట్టిన కొత్తలో, బస్సు దిగి వస్తుంటే టీకొట్టు వెనక దొరికిందట. ఒళ్లంతా తెలుపు, తోక ఒక్కటే నలుపు. వాకిట్లో మట్టి మీద కాలు పెట్టాల్సి వస్తే, పెట్టిన కాలు ఎత్తి విదిలించుకునేది.

"చూడవయ్యా దీని టెక్కు! దొరసానమ్మ మన పల్లెకి దిగినట్టుంది" అని నవ్వింది ఎలీసమ్మ. జబ్బు చేశాక ఆమె అట్లా నవ్వడం అదే మొదటిసారి. దాంతో పిల్లిని బయటికి గెంటే ధైర్యం నాకు లేకపోయింది. దొరసాని అన్న పేరే ఖాయమైంది.

డయాలసిస్ కోసం ఎలీసమ్మ ఎడమ చేతిలో రెండు రక్తనాళాలు కలిపి కుట్టారు. ఫిస్టులా అంటారు దాన్ని. ఆ చోట చర్మం ఉబ్బి, వేలు ఆనిస్తే లోపల జుమ్మని మోగుతూ ఉంటుంది. చెవి పెడితే ఆ చప్పుడు వినపడుతుంది. ఆ మోత ఉన్నంతకాలం చెయ్యి పనిచేస్తున్నట్టు లెక్క. రోజూ పొద్దున లేవగానే ఎలీసమ్మ కుడిచేత్తో తడిమి చూసుకుని, "ఉందయ్యా" అనేది. నేను "సరే" అనేవాణ్ణి. మా ఇంట్లో పొద్దుటి ప్రార్థన ఆ తర్వాతే.

దొరసానికి ఆ మోత ఎట్లా తెలిసిందో గాని, ఎలీసమ్మ మంచం మీద పడుకుంటే వచ్చి సరిగ్గా ఆ చేతి మీదే చెవి ఆనించి పడుకునేది. అది గురగురలాడేది, చెయ్యి మోగేది. "నా చేతిలో దీని చెల్లెలు ఉందనుకుంటోంది" అనేది ఎలీసమ్మ. దొరసాని మంచి ఊపులో ఉన్నప్పుడు ముందు కాళ్లతో ఆ చేతినే పిసికేది, గోళ్లు బయటికి చాపి, లోపలికి లాగి, మళ్లీ చాపి. తల్లి పాలు తాగేటప్పటి అలవాటట అది. చేతి మీద సన్నటి ఎర్రటి గీతలు పడేవి.

ఆ గీతలు చూసింది ఫెబా. ఒంగోలులో ఎలీసమ్మకు సూదులు పెట్టే నర్సు. మనిషి పొట్టి, నోరు గట్టి.

"బాబాయ్, ఇదేంటి? ఈ చేతి మీద బరువు మోపకూడదు, బీపీ చూడకూడదు, వాచీ కూడా పెట్టకూడదని నెత్తీనోరూ కొట్టుకుని చెప్పానా లేదా? పిల్లి గీరితే ఇన్‌ఫెక్షన్ పట్టి చెయ్యి మూసుకుపోతుంది. చెయ్యి పోతే ఆంటీ పరిస్థితి ఏంటి? పిల్లినన్నా పంపెయ్, గోళ్లన్నా తియ్."

ఎలీసమ్మ నావైపు చూసింది. ఏమీ అడగలేదు. అడిగితే కాదనడం తేలిక.

"గోళ్లు ఎట్లా తీస్తారమ్మా?" అన్నాను.

ఫెబా నా చేతివేలు పట్టుకుని చూపించింది. పిల్లి గోరు మన గోరులా ఎప్పుడూ బయట ఉండదు, ఒరలో ఉంటుంది. వేలి మెత్తను కిందనుంచి, పైనుంచి మెల్లగా నొక్కితే బయటికి జారుతుంది. వెలుతురులో పెట్టి చూస్తే లోపల గులాబి రంగు నరం కనిపిస్తుంది. దాని జోలికి పోకూడదు. ముందుండే తెల్లటి కొస ఒక్కటే తీయాలి. ముందు కాళ్లకు ఐదేసి వేళ్లు. అందులో ఐదోది లోపలివైపు కాస్త పైన ఉంటుంది, నేలకు తగలదు కాబట్టి అరగదు. దాన్ని మర్చిపోతే వంకర తిరిగి మాంసంలోకే దిగుతుంది. "వెనక గోళ్లు వదిలెయ్. రెండు వారాలకోసారి చాలు. పొరపాటున నరం తెగితే బియ్యప్పిండి అద్ది కాసేపు నొక్కి పట్టుకో. కంగారుపడకు. నువ్వు కంగారుపడితే అది రెండింతలు కంగారుపడుతుంది."

నేను ఆరో తరగతి దాకా చదివాను. అక్కడ కూడా ఇంత శ్రద్ధగా పాఠం వినలేదు.

మొదటి ఆదివారం గుడి నుంచి వచ్చాక మొదలుపెట్టాం. ఎలీసమ్మ దొరసానిని ఒళ్లో పెట్టుకుని పాత తువ్వాలు చుట్టింది. నేను కళ్లజోడు పెట్టుకుని, నెయిల్ కట్టర్ పట్టుకుని, వాకిట్లో ఎండలో కూర్చున్నాను. ఒక్కో గోరూ పట్టి చూసి, నరం ఎక్కడిదాకా ఉందో చూసి, కొస తుంచేవాణ్ణి. ఒక్కో వేలికి ఒక్కో చికెన్ ముక్క. పది గోళ్లకు గంట పట్టింది. నా చొక్కా చెమటకు తడిసిపోయింది.

"నా కాన్పుకు కూడా ఇంత కంగారుపడలేదు నువ్వు" అంది ఎలీసమ్మ.

రెండోసారి అరగంటలో అయిపోయింది. ఫెబా చెయ్యి చూసి, గీతలు లేవని మెచ్చుకుంది. నాకు లోలోపల గర్వంగానే ఉండింది. దొరసాని కూడా నన్ను ఓర్చుకోవడం నేర్చుకుంది. ఒకరోజు నా ఒళ్లోకి ఎక్కి పడుకుంది కూడా. ఎవరూ చూడకుండా దాని తల నిమిరాను.

ఇప్పుడు మజ్జిగ సంగతి చెప్పాలి.

మా అమ్మాయి మహిమ ఇప్పుడు కనిగిరిలో టీచరు. దానికి ఆరు నెలలప్పుడు, నేను కల్లం నుంచి వచ్చి ఎత్తుకుని బుగ్గలు తుడిచాను. సబ్బుతో కడుక్కున్న చేతులే. పిల్ల కళ్లు వాచిపోయి ఒకటే ఏడుపు. మిరప ఘాటు సబ్బుకు పోదు. మా చేతులు మొద్దుబారిపోయి ఉంటాయి, మాకు తెలియదు. ఆ రోజు నుంచి ఎలీసమ్మ ఇంట్లో ఒక చట్టం పెట్టింది. నేను కల్లం నుంచి వచ్చేసరికి గడప దగ్గర గిన్నెలో మజ్జిగ ఉండేది. చేతులు అందులో ముంచి, రుద్ది, ఆముదం రాసి, అప్పుడు సబ్బు. ఆ తర్వాతే ఇంట్లో ఎవరినైనా, దేన్నైనా తాకాలి. ఇరవై ఎనిమిదేళ్లు ఆ గిన్నె ఒక్కరోజు తప్పలేదు.

డయాలసిస్ మొదలయ్యాక డాక్టరు పాలు, పెరుగు, మజ్జిగ తగ్గించమన్నాడు. నీళ్లు కూడా కొలిచి తాగాలి. ఎండాకాలం ఆమె నాలుక తడుపుకోవడానికి మంచు ముక్క చప్పరిస్తుంటే, నేను ఎదురుగా కూర్చుని గ్లాసుడు మజ్జిగ ఎట్లా తాగుతాను? పాలు పోయించుకోవడమే మానేశాం. గడప దగ్గర గిన్నె కూడా పోయింది. పోయిందని కూడా మేం గమనించలేదు. నేను గోళ్లు తీసేది ఆదివారాలు. ఆదివారం కల్లం పని లేదు. అందుకని రెండుసార్లూ ఏమీ కాలేదు.

మూడోసారి ఆదివారం మబ్బు పట్టింది. మా రైతు చెంచురామయ్య గారి కల్లంలో ఐదెకరాల కాయ ఆరబోసి ఉంది. తడిస్తే తెల్లబడి తాలు అయిపోతుంది. "పేరయ్యా, ఈ ఒక్కరోజు గుడి మానెయ్యవయ్యా, దేవుడు ఏమనుకోడు" అని ఆయనే బండేసుకుని వచ్చాడు. పోయాను. ఆ వారమూ, పై ఆదివారమూ అదే పని. కాయ పోగు చేయడం, పట్టాలు కప్పడం, ఎండ రాగానే మళ్లీ ఆరబోయడం, తాలు ఏరడం. దొరసాని గోళ్లు పెరిగిపోయాయి. సోమవారం సాయంత్రం ఎలీసమ్మ గుర్తుచేసింది.

"రేపు మంగళవారం. ఫెబా చెయ్యి చూస్తుంది. తిడుతుందయ్యా."

చేతులు సబ్బుతో రెండుసార్లు కడుక్కున్నాను. ఇంకా పొద్దుంది గాని మబ్బు వల్ల వాకిట్లో వెలుతురు సరిగా లేదు. ఎలీసమ్మ దాన్ని ఒళ్లో పెట్టుకుంది. అది ఆరోజు కుదురుగా లేదు, తల అటూ ఇటూ తిప్పుతోంది. శాంతిస్తుందని ఎలీసమ్మ దాని చెవిని తన ఎడమచేతికి ఆనించుకుంది. ఆ చెయ్యి దూరంగా పెట్టమని ఫెబా చెప్పింది. నేను చూశాను. అనలేదు. అది వెంటనే గురగురలాడటం మొదలుపెట్టింది కదా అని ఊరుకున్నాను.

కుడికాలు. ఒకటి తీశాను. రెండు తీశాను. మూడోదానికి నరం తెగింది.

చిన్న రక్తపు బొట్టు. దొరసాని ఉలిక్కిపడింది, అంతే. గింజుకోలేదు. కంగారుపడకు అన్న మాట గుర్తుంది నాకు. పళ్లెంలో బియ్యప్పిండి సిద్ధంగా ఉంది. వేలికి అద్దుకుని, తెగిన చోట పెట్టి గట్టిగా నొక్కాను.

అప్పుడు అరిచింది. పిల్లి అట్లా అరవడం నేనెప్పుడూ వినలేదు. నేను ఇంకా గట్టిగా నొక్కాను, అట్లాగే చేయాలి కదా అని. అది తువ్వాలు చించుకుని లేచి, ఇంకా గోళ్లు తీయని ఎడమకాలితో ఎలీసమ్మ చేతిని పైనుంచి కిందిదాకా చీరేసి, గోడ దూకి పోయింది.

ఆ చేతిలో రక్తం మామూలుగా కారదు, చిమ్ముతుంది. నేను రెండు చేతులతో నొక్కి పట్టుకున్నాను. "మంటయ్యా, మంట" అంది ఎలీసమ్మ. "ఓర్చుకో, ఓర్చుకో" అంటూ ఆటో కోసం కేకలు పెట్టాను. ఒంగోలు దాకా నా చేతులు తీయలేదు. దారి పొడుగునా ఆమె నా మొహం వంకే చూసింది. భయపడుతోంది అనుకున్నాను.

కుట్లు వేశారు. వరండాలో కూర్చుని ఏడుస్తూ కళ్లు తుడుచుకున్నాను. కళ్లు మండిపోయాయి.

వేళ్లు ముక్కు దగ్గర పెట్టుకున్నాను. సబ్బు వాసన, రక్తం వాసన, వాటి వెనక సన్నగా మిరపకాయ. అప్పుడు తెలిసింది నాకు. తెగిన నరం మీద నేను పెట్టింది పిండి కాదు, కారం. పిల్లికి పిచ్చి పట్టలేదు. నేను దాన్ని కాల్చాను. ఆ చేతులతోనే ఎలీసమ్మ గాయాన్ని ఒంగోలు దాకా నొక్కి పట్టుకున్నాను.

తెలిసిన మనిషి ఏం చేయాలి? లోపలికి పోయి చెప్పాలి. నేను ఏం చేశానో వినండి.

మర్నాడు ఎలీసమ్మ ఆసుపత్రిలో ఉండగా ఇంటికి వచ్చాను. దొరసాని మంచం కింద కూర్చుని కాలు నాక్కుంటోంది. నన్ను చూసి వెనక్కి జరిగింది. ఆ చూపు నేను భరించలేకపోయాను. సంచిలో వేసి, మూతి కట్టి, గుండ్లకమ్మ దాటితే పిల్లి తిరిగి రాదంటారని, ఏరు దాటించి, అద్దంకి రోడ్డు మీద కోల్డ్ స్టోరేజీ గోడ పక్కన వదిలేశాను. తప్పు నాదని తెలిసే వదిలేశాను. కోపంలో చేశానని చెప్పుకుంటే బాగుండేది గాని, నాకు అప్పుడు కోపం లేదు, సిగ్గు.

ఎలీసమ్మ ఇంటికి రాగానే అడిగింది. "దొరసాని ఏదయ్యా?"

"ఆ రోజు పోయింది మళ్లీ రాలేదు. మాయదారి పిల్లి, పిచ్చి పట్టింది దానికి."

ఆమె కాసేపు నన్ను చూసి, "పిచ్చి పట్టిందా" అంది. 

పది రోజులకు చెయ్యి వాచి, చీము పట్టింది. తర్వాత ఫిస్టులా మూసుకుపోయింది. మెడలో గొట్టం పెట్టి డయాలసిస్ చేశారు. పొద్దున లేవగానే అలవాటుగా చెయ్యి తడిమి చూసుకునేది. "ఉందయ్యా" అనేది కాదు. నేను "సరే" అనడానికి నోరు తెరిచి, మూసుకునేవాణ్ణి. మా ప్రార్థన అట్లా మొదలు లేకుండానే మొదలయ్యేది.

అప్పుడన్నా చెప్పవచ్చు. ఎన్నిసార్లు చెప్పబోయానో. అన్నం తినిపిస్తూ చెప్పబోయాను. బస్సులో పక్కన కూర్చుని చెప్పబోయాను. ఆమె కూడా అడిగేది, ఏదో మాటల్లో మాటగా. "ఏమయ్యా, దొరసాని అట్లా ఎందుకు చేసిందంటావు?" అనేది. "పిల్లి బుద్ధి" అనేవాణ్ణి. చెబితే నా మొహం చూడదేమోనని నా భయం. నలభై ఏళ్లు నాతో కాపురం చేసిన మనిషి గురించి నాకున్న నమ్మకం అంత!

పిల్లిని వెతకడానికి మాత్రం పోయాను, మూడుసార్లు. కోల్డ్ స్టోరేజీ గోడ వెంట "దొరసానీ, దొరసానీ" అని పిలుస్తూ తిరిగాను. లారీల వాళ్లు నవ్వారు. దొరికితే తీసుకుపోయి ఒళ్లో పెట్టి, అప్పుడు చెబుదామని. ఉత్త చేతులతో చెప్పే దమ్ము లేదు నాకు. దొరకలేదు.

మెడ గొట్టం నుంచి జ్వరం పట్టుకుంది. ఏప్రిల్ రెండో వారంలో, గురువారం మధ్యాహ్నం, ఎలీసమ్మ ప్రభువు దగ్గరికి పోయింది. చివరిగా నాతో మాట్లాడింది ఆ పొద్దున. "చేతులు ఇట్లా ఇవ్వు" అంది. ఇచ్చాను. రెండు అరచేతులూ తిప్పి చూసింది. "ఆముదం రాసుకుంటున్నావా?" అంది. "రాసుకుంటున్నా" అన్నాను. అది కూడా అబద్ధమే.

సమాధి కార్యక్రమం అయిన వారానికి ఫెబా ఫోన్ చేసింది, ఎలీసమ్మ శాలువా అక్కడే ఉండిపోయిందని. పోయాను. శాలువా మడత పెట్టి చేతికిచ్చి, తల దించుకుని నిలబడింది. నోరు గట్టి మనిషి, మాట కోసం తడుముకుంటోంది.

"బాబాయ్, ఒకటి అడుగుతా. ఆ రోజు సంగతి ఆంటీకి చెప్పావా?"

"ఏ సంగతి?"

"కారం చేతుల సంగతి."

 అక్కడే బల్ల మీద కూర్చున్నాను.

"ఆంటీకి ఆ రోజే తెలుసు బాబాయ్. నువ్వు గాయం మీద చెయ్యి పెట్టగానే తెలిసిందంట. 'ముప్పై ఏళ్లు మిరపకాయల తొడాలు తీసినదాన్ని, ఏది గోటి మంటో ఏది కారం మంటో నాకు తెలియదా' అంది. నీకు చెప్పనా అంటే వద్దంది. 'మజ్జిగ పెట్టడం మానేసింది నేనే, వాడి తప్పేముంది. వాడే చెబుతాడులే, అప్పుడు చెబుతా ఈ మాట' అంది. వచ్చిన ప్రతిసారీ అడిగేదాన్ని, చెప్పాడా ఆంటీ అని. ఇంకా లేదమ్మా, ఇంకా లేదమ్మా అనేది."

నా ముందు నన్నెప్పుడూ 'వాడు' అనలేదు ఎలీసమ్మ. నా వెనక అనేదన్నమాట, పిల్లవాణ్ణి అన్నట్టు. క్షమించే మాట నోట్లో పెట్టుకుని రెండు నెలలు నా ఎదురుగా కూర్చుంది. అడిగి అడిగి చూసింది. నేను పిల్లి బుద్ధి అన్నాను. పిల్లి గీరినందుకు కాదు, చెయ్యి పోయినందుకు కూడా కాదు, దీనికి నేను చచ్చేదాకా ఏడుస్తాను.

మే నెలలో చెంచురామయ్య గారి బస్తాలు అదే కోల్డ్ స్టోరేజీకి తోలారు. లారీ మీద నేనూ పోయాను. గేటు లోపల కాపలా గది ముందు, నీడలో, తెల్లటి పిల్లి. నల్ల తోక. అన్నాళ్లూ గోడకు అవతల లోపలే ఉంది.

నేను పిలవలేదు. అదే నన్ను చూసింది. లేచి, మూడు కాళ్ల మీద కుంటుతూ వాచ్‌మన్ కుర్చీ వెనక్కి పోయింది.

వాచ్‌మన్ పేరు రంజాన్. నా ఈడువాడే. "నెల నుంచి కుంటుతోందన్నా. కాలి లోపల ఏదో గుచ్చుకుంది. ఏం చేయాలో తెలియదు" అన్నాడు.

నాకు తెలుసు. కుడికాలి ఐదో గోరు. ఆ రోజు నేను దానిదాకా రానేలేదు. అది అరగక, వంకర తిరిగి, వేలి మెత్తలోకి దిగిపోయింది.

"పశువుల డాక్టరుకు చూపించన్నా, పుండు ఉంటుంది. ముందు ఆ గోరు తీయాలి. నేను చెబుతా, నువ్వు తియ్" అన్నాను.

"అంత తెలిసినవాడివి నువ్వే తీయొచ్చుగా?"

"నా చేతికి రాదు."

అతని క్యారియర్‌లో మజ్జిగ ఉంది. చేతులు అందులో కడుక్కోమన్నాను. విచిత్రంగా చూశాడు. "రోజూ బస్తాలు ముట్టుకుంటావు కదన్నా, నీకు తెలియదు, కడుక్కో" అన్నాను. రెండుసార్లు కడిగించాను. సబ్బు కూడా పెట్టించాను. తర్వాత పది అడుగుల దూరంలో, ఎండలో, నేల మీద కూర్చున్నాను. తువ్వాలు చుట్టమన్నాను. వేలు పైనుంచి, కిందనుంచి మెల్లగా నొక్కమన్నాను. వెలుతురుకు పెట్టి, లోపల గులాబి రంగు ఎక్కడిదాకా ఉందో చూడమన్నాను. "తెల్లగా ఉన్న కొస ఒక్కటే. తొందరపడకు. నువ్వు కంగారుపడితే అది రెండింతలు కంగారుపడుతుంది." నా గొంతులో ఫెబా మాటలు నాకే వినబడుతున్నాయి.

కొస తెగింది. మెత్తలో దిగిన ముక్కను వేలితో మెల్లగా లాగేశాడు. చుక్క రక్తం వచ్చింది. నేను లేచి నిలబడిపోయాను. దొరసాని అరవలేదు. కాసేపటికి రంజాన్ ఒళ్లో కాళ్లు చాపుకుని గురగురలాడటం మొదలుపెట్టింది. పది అడుగుల దూరం నుంచి కూడా ఆ మోత వినబడింది నాకు.

"నీదేనా అన్నా ఈ పిల్లి?" అన్నాడు రంజాన్.

"నా భార్యది."

"మరి తీసుకుపోతావా?"

"రాదు" అన్నాను. తర్వాత పిల్లి వైపు తిరిగి, ఎలీసమ్మకు చెప్పాల్సిన మాట దానికి చెప్పాను. "ఆ రోజు నా చేతులకు కారం ఉందే. తప్పు నీది కాదు, నాది. నీ మీద అబద్ధం చెప్పాను." మూడు వాక్యాలు. ఇంతేనా అనిపించింది. ఇంత చిన్న మాట కోసమా ఆమె రెండు నెలలు ఎదురుచూసింది అనిపించింది.

 దొరసాని నన్ను ఒకసారి చూసి, గోరు తీసిన వేలును నాక్కోవడం మొదలుపెట్టింది. ఈసారి దానికి మంట పుట్టలేదు.